స్వల్పవ్యయమున పట్టణయాత్ర



ప్రయాణము తలపెట్టినప్పుడు రెండు ప్రశ్నలు పుట్టును. ఎక్కడికి పోవుదమనునది మొదటిది, ఎంత యగుననునది రెండవది. మనలో పెక్కుమంది వీనిని ఈ వరుసననే వేసికొందురు. మేమును చాలకాలము అట్లే వేసికొంటిమి. ఈ వరుస తప్పని మాకెట్లు తెలిసినదియు, దానిని తిరుగవేసి తొమ్మిదవ తరగతివారితో రాజమహేంద్రవరమునకు రెండు దినముల యాత్ర యెట్లు చేసినదియు ఇందు వ్రాయుచున్నాము. లెక్కలు కూడ ఇచ్చుచున్నాము. ఎవరైనను సరిచూచుకొనవచ్చును.

అంతకు ముందటి యేట, ఆ పిల్లలు ఎనిమిదవ తరగతిలో నున్నప్పుడు, విశాఖపట్టణము పోవలెనని నిశ్చయించితిమి. బాడుగ బస్సు, ఒక రాత్రి బస, భోజనములు కలిపి తలకు 1,800 రూపాయలు తేలినది. తరగతిలో 38 మంది గలరు. వచ్చినవారు 21 మంది. తక్కిన 17 మందిలో ఒకనికి కడుపునొప్పి, ఒకతెకు మేనమామ యింట పెండ్లి, మరియొకనికి జ్వరము. ఒక బాలుని మేము తరగతిలో అందరి యెదుట, "నీకు చదువునందు శ్రద్ధ లేదు" అని మందలించితిమి. యాత్రనుండి తిరిగివచ్చిన పిమ్మట, ఆ రెండు దినములును అతడు ఒక నర్సరీ తోటలో తల్లితో కూడ మొక్కల కవర్లకు మట్టి నింపు పనికి పోయెనని వినియుంటిమి. కడియములో ఇది దాచదగిన పనియు కాదు, సిగ్గుపడదగిన పనియు కాదు. సిగ్గుపడవలసినవారము మేమే. తలకు ఇంత యని నిర్ణయించునప్పుడు ఆ మొత్తము ఎన్నిదినముల కూలియో మేము లెక్కింపలేదు. లెక్కల ఉపాధ్యాయులము కూడ మేమే!

ఆ యాత్రలో మరియొక లోపము గలదు. ఒక్క దినములో ఎనిమిది స్థలములు చూపితిమి. జలాంతర్గామి, కైలాసగిరి, జంతుప్రదర్శనశాల, సముద్రతీరము మొదలగునవన్నియు చూపితిమి. బస్సు దారిలో చెడి మూడుగంటలు నిలిచినది. తిరిగివచ్చి వ్యాసము వ్రాయుడనగా, 21 మందిలో 14 మంది బస్సులో వేసిన పాటలనుగూర్చియు, ఐస్‌క్రీమునుగూర్చియు వ్రాసిరి. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. వారు నిలిచి చూచినవి ఆ రెండే.

కాబట్టి మరుసటి యేట సొమ్మును ముందు నిర్ణయించి, ఊరిని తరువాత వెదకితిమి. పిల్లలకు పేరు వ్రాయనక్కరలేని చీటీలు పంచి, "ఇంటివద్ద అప్పు చేయకుండ ఎంత యియ్యగలరో అమ్మనో నాన్ననో అడిగి వ్రాసి తెండు" అని చెప్పితిమి. ఒక చీటీపై 1,500 అని యున్నది. మిగుల తక్కువది 80. రెండు చీటీలు తెల్లగానే వచ్చినవి. 80 రూపాయలే మా యాత్రయొక్క వెల యని నిర్ణయించితిమి. తెల్లచీటీలవారెవరో కనుగొనవలెనని మాకు కుతూహలము కలిగినమాట నిజమే కాని, అడుగలేదు. దేవాలయములో కానుకసంచి త్రిప్పునట్లు, మూతగల డబ్బా యొకటి తరగతి తలుపువద్ద నుంచితిమి. ఎవరెంత వేసిరో ఎవరికిని తెలియదు. నాలుగవనాడు విప్పి లెక్కింపగా 3,420 రూపాయలున్నవి. తలకు 80 చొప్పున 38 మందికి 3,040 గదా. పైని 380 ఎవరు వేసిరో మాకు నేటికిని తెలియదు.

ఇంత సొమ్ముతో చూడదగిన పట్టణమేది? పట్టణయాత్రలో పెద్దవ్యయములు రెండు: ఒకటి రాత్రి బస, రెండవది బాడుగబండి. ఈ రెండును లేకుండవలెనన్నచో రాత్రికి ఇల్లు చేరగల పట్టణము కావలెను. అట్టిది మనకు ప్రక్కనే గలదు. ఆసుపత్రికి, బట్టలకొట్టుకు, దూరపు రైలెక్కుటకు మనము రాజమహేంద్రవరము ఎన్నిసారులు పోలేదు? పోయి చూచినదేమన్నచో, ఆసుపత్రియు, బట్టలకొట్టును, రైలుస్టేషనును. రెండుదినములు వరుసగా ఉదయము పోయి రాత్రి యింటికి రావలెనని యేర్పాటు చేసికొంటిమి.

బయలుదేరుటకు వారముదినములు ముందుగా మేమొక్కరమే పోయి దారియంతయు నడచి చూచితిమి. ఈ పని ఎవరును మానరాదు. మేము తలచిన దినములలో ఒకదాన ఒక ప్రదర్శనశాలకు సెలవని అప్పుడే తెలిసినది. తెలియక 38 మందితో పోయి మూసిన తలుపును చూచి రావలసియుండెడిది. త్రాగునీరెక్కడ దొరకును, బాలికలకు మరుగుదొడ్డి యెక్కడ గలదు, మధ్యాహ్నము నీడ యేది యనునవి కాగితముపై గుర్తించుకొంటిమి. ప్రతి విద్యార్థికిని ఒక్కొక్క ప్రశ్న యిచ్చి, సమాధానము పట్టణమునుండి తేవలెనంటిమి.

మొదటిదినము బస్సు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి మన రాష్ట్రములో స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు ఆర్టీసీ బస్సులలో బాలికలకును స్త్రీలకును టిక్కెట్టు వెల లేదు. గుర్తింపుకార్డు మాత్రము దగ్గర నుండవలెను. మా తరగతిలో 18 మంది బాలికలు గాన వారికి వ్యయము సున్న. బాలురు 20 మందికి పోనురాను తలకు 40 చొప్పున 800 రూపాయలైనది. ఉపాధ్యాయులము మా వ్యయము మేమే పెట్టుకొంటిమి.

వేమగిరి దాటి ధవళేశ్వరమున దిగితిమి. మన పొలములకును నర్సరీలకును వచ్చు కాలువనీరు ఇక్కడనే గోదావరినుండి వేరగుచున్నది. ఆనకట్టపని సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించి 1852లో ముగించెను. అంతకు ముందు 1833 ప్రాంతమున ఈ సీమలో కరవువలన జనము మిక్కిలి నశించిరి. ప్రక్కనే గోదావరి సముద్రములోనికి పోవుచుండగా తీరమువారు నీరులేక చచ్చుట కాటనునకు సహింపరానిదైనది. నేడు మనము చూచునది ఆ పాత ఆనకట్ట కాదు. దాని స్థానమున కట్టి 1982 నాటికి ముగించిన బ్యారేజి. నది లంకలచే చీలియుండుటచేత ఇది నాలుగు భాగములుగా నున్నది. ధవళేశ్వరమువద్ద 70, ర్యాలివద్ద 43, మద్దూరువద్ద 23, విజ్జేశ్వరమువద్ద 39 తలుపులు గలవు. కూడుడనగా పిల్లలు గట్టుమీదనే 175 అని కూడిరి. తరగతిలో ఇదే కూడిక యిచ్చినచో ముగ్గురైనను తప్పుచేసియుందురు.

కాటన్ ప్రదర్శనశాలలో నొక సంగతి జరిగినది. ముందటి యేట మేము మందలించిన బాలుడు ఒక చిత్రపటము నెదుట చాలసేపు నిలిచియుండెను. పిదప మావద్దకు వచ్చి, "మేష్టారూ, కాటన్ దొరగారి పేరుందండి. రాళ్లూ మట్టీ మోసినోళ్ల పేర్లు ఎక్కడున్నాయండి?" అని యడిగెను. ఇది మేమిచ్చిన ప్రశ్న కాదు. వేలకొలది కూలీలు పనిచేసిరనియు, ధవళేశ్వరపు కొండనుండియే రాయి తీసిరనియు, కూలీలను కూర్చి పని నడపుటలో వీణెం వీరన్న యను తెలుగువాడు కాటనునకు కుడిభుజముగా నుండెననియు చెప్పితిమి. కూలీల పేర్లు మాత్రము మేము చెప్పలేకపోతిమి. అతడు తన పుస్తకములో ఆ ప్రశ్నను వ్రాసికొని దానిక్రింద చోటు విడిచిపెట్టెను. ఆ పుటను మేము దిద్దలేదు.

భోజనము ఇండ్లనుండి తెచ్చుకొన్నదే. పులిహోర, పెరుగన్నము, చపాతీలు, ఒక యింటినుండి ఆవకాయముద్దలు. చెట్టునీడన కూర్చుండి అందరును పంచుకొనిరి. తెల్లచీటీ వ్రాసినవారి పొట్లము ఏదో ఆ విస్తళ్లలో ఎవరు చెప్పగలరు?

రెండవదినము రైలు. ఇచ్చట తల్లిదండ్రులకు పనికివచ్చు చిన్నయుపాయ మొకటి గలదు. రాజమహేంద్రవరమున రెండు స్టేషనులు గలవు. పెద్దస్టేషనున దిగినచో ఏటిగట్టునకు ఆటో కావలెను. దాని తరువాతి గోదావరి స్టేషనున దిగినచో ఏరు సమీపముననే యుండును. మేము ఇంకను ముందునకు పోయి, వంతెన దాటి కొవ్వూరున దిగితిమి. మేము పోయినప్పుడు ప్యాసింజరు బండిలో తలకు 10 రూపాయలే. గోదావరిని ఈ గట్టునుండి ఆ గట్టునకు రైలులో దాటుటకంటె చౌకయైన వేడుక మన జిల్లాలో మరియొకటి లేదని మా యభిప్రాయము. కొవ్వూరునుండి మరల దాటి గోదావరి స్టేషనునకు 10, సాయంకాలము ఇంటికి 10. మొత్తము 38 మందికి 1,140 రూపాయలు. బాలికలు బస్సులోనే పోయినచో 540 మిగులునని ఒక బాలిక లెక్కగట్టి చెప్పెను. లెక్క సరియైనదే. ఐనను కొందరు వంతెన దాటుటయు, కొందరు దాటకుండుటయు మాకిష్టము కాలేదు.

రైలులోనుండి పాత వంతెన స్తంభములను లెక్కపెట్టుడంటిమి. హేవ్‌లాక్ వంతెన యని దానికి పేరు. 1900లో దానిమీద రైళ్లు నడవ నారంభించినవి. 1997లో దానికి విశ్రాంతి యిచ్చిరి. ఒకడు 54 ఖానాలనియు, ఒకతె 57 అనియు తగవులాడిరి. 56 అని మేము తీర్పుచెప్పగా ఇద్దరును ఒప్పుకొనలేదు. పైన రోడ్డును క్రింద రైలును గల వంతెన 1974 నాటిది. కాంక్రీటు విల్లులు వంచినట్లున్నది 1997 నాటిది. రోడ్డునకై కట్టిన నాల్గవది 2015 నాటిది. నూరేండ్లలో ఇనుమును సిమెంటును మనుష్యుడెట్లు వాడనేర్చెనో ఒక్కచోట నిలిచి చూడవచ్చును. దీనికి టిక్కెట్టు లేదు.

పిదప కందుకూరి వీరేశలింగముగారి యిల్లు. 1881 డిసెంబరు 11వ తేదీన ఆయన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించెను. ఊరివారి కోపము ఎట్టిదో, ఆ దినములలో ఆ దంపతులు వీధిలోనికి వచ్చుట ఎంత కష్టమో పిల్లలకు చెప్పితిమి. ఆయన 1890లో కట్టించిన టౌనుహాలును చూపితిమి. దామెర్ల రామారావుగారి చిత్రశాలలో ఎక్కువసేపు కూర్చుంటిమి. 1897లో పుట్టి 1925లో మశూచిచే మరణించిన ఈ చిత్రకారుడు 28 ఏండ్లైనను నిండనివాడు. అల్లరికి పేరుపడిన మా వెనుకబెంచీవారు అక్కడ మాటలాడక కూర్చుండిరి. గౌతమీ గ్రంథాలయమును, రాళ్లబండి సుబ్బారావుగారి పేర నున్న పురావస్తుశాలను చూడలేదు. చూచుటకు కాలము చాలక కాదు, కన్నులు చాలక. ముందటి యేటి యెనిమిది స్థలములు మాకు జ్ఞప్తియందుండెను.

సాయంకాలము తలకొక రోజ్‌మిల్కు. రాజమహేంద్రవరము పోయి అది త్రాగనిచో ఇంటివద్ద తమ్ముళ్లు నమ్మరని పిల్లలు వాదించిరి. 38 మందికి 25 చొప్పున 950 రూపాయలు. పొదుపు అనగా సంతోషమును కొట్టివేయుట కాదు గావున, దీనిని మేము మొదటినుండియు లెక్కలో వేసియుంటిమి. ముందుగా వేయని సంతోషమే చేతిసొమ్మును తినివేయును. ప్రవేశరుసుములు 190. మొత్తము వ్యయము 3,080. మిగిలినది 340. ఒక బాలిక చెప్పు తెగిపోగా 150 పెట్టి క్రొత్తవి కొంటిమి. ప్రతి యాత్రలోను ఒకరి చెప్పు తెగును, కాబట్టి పదింట ఒకపాలు సొమ్ము ముట్టక యుంచుకొనవలెను. నిలువ 190.

దూరపు పట్టణమే చూడదలచిన కుటుంబములకు రెండుమాటలు. రైలుటిక్కెట్లు 2024 నవంబరునుండి 60 దినములు ముందుగా మాత్రమే దొరకును. కాన అంతకు ముందే తేదీ నిర్ణయించుకొని, మొదటివారముననే కొనుడు. రాత్రి బండిలో పోయినచో ఒక రాత్రి బస తగ్గును. విశాఖపట్టణమైనచో ఊరంతయు తిరుగవలదు. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్న కురుసుర జలాంతర్గామియు, దాని యెదుటనే 2017లో నెలకొల్పిన టీయూ-142 విమానమును, ప్రక్కన సముద్రమును ఒక దినమునకు చాలును. మూడును ఒకే రోడ్డుమీద నున్నవి, ఆటో అక్కరలేదు. 2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. ఆ దినములలో మన పట్టణమున బసకు వెల పెరుగును, స్థలము దొరకదు. స్నానమునకు గాక చూచుటకు వచ్చువారు వేరు నెల యెంచుకొనుట మేలు.

తిరిగివచ్చిన పిమ్మట 38 వ్యాసములు వచ్చినవి. రోజ్‌మిల్కునుగూర్చి వ్రాసినవారు ఆరుగురే. నిలువ 190 రూపాయలు ప్రధానోపాధ్యాయులవారి బీరువాలో గలవు. ఈ యేటి తొమ్మిదవ తరగతివారు కాకినాడ పోవలెననుచున్నారు. ఊరిమాట పిదప చూతమని చెప్పి, మొన్న సోమవారము చీటీలు పంచితిమి.