ముందు గాస్కెట్టు మార్చండి

ప్రశ్న: మా అయిదు లీటర్ల కుక్కర్ కొని ఆరేళ్లయింది. ఈమధ్య మూత పక్కల నుంచి ఆవిరి పోతోంది, విజిల్ సరిగ్గా రావడం లేదు. అరగంట పొయ్యి మీదున్నా కందిపప్పు పలుకుగానే ఉంటోంది. మావారు కొత్తది కొందామంటున్నారు. స్టీలుది మంచిదా, అల్యూమినియందా?
- కె. వి., ఏలూరు

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఒక్కదాంట్లోనూ "గాస్కెట్టు మార్చి చూశాం" అన్న మాట ఉండదు. ఆరేళ్లలో మీరు ఎన్నిసార్లు మార్చారో రాయలేదు కాబట్టి ఒక్కసారీ మార్చలేదనే అనుకుంటున్నాను. రోజూ వాడే కుక్కర్‌కి ఏడాదికొక గాస్కెట్టు పడుతుంది. రబ్బరు వేడికి గట్టిపడి, సాగి, మూతకి అతుక్కోవడం మానేస్తుంది. అప్పుడు ఆవిరి పైకి పోవాల్సింది పక్కకి పోతుంది. తీసి చల్లనీళ్లలోనో ఫ్రిజ్‌లోనో కాసేపు పెడితే ఆ పూటకి పని చేస్తుంది. దాన్నే వైద్యం అనుకుని నెలలు గడపకండి.

కొట్టుకి పాత గాస్కెట్టు పట్టుకుని వెళ్లండి. మూత లోపలికి దిగే రకానికీ, పైన కూర్చునే రకానికీ, ఒకే కంపెనీలో మూడు లీటర్లదానికీ అయిదు లీటర్లదానికీ గాస్కెట్లు వేరు. అదే కంపెనీది అడగండి. "ఇదీ పడుతుందమ్మా" అని కొట్టతను ఇచ్చేది పుచ్చుకోకండి. వందా రెండొందల్లో అయిపోయే పని ఇది.

గాస్కెట్టు మార్చినా ఆవిరి పోతుంటే అంచు చూడండి. కూర కలిపి గరిటెను గిన్నె అంచుకి ఠంగుమని కొట్టి విదిలించే అలవాటు మన ఇళ్లలో అందరికీ ఉంది. కుక్కర్ అంచు మీద అలా కొడితే సొట్టలు పడతాయి, ఇక ఏ గాస్కెట్టూ ఆపలేదు. విజిల్ పెట్టే గొట్టంలో పప్పు నురగ ఎండి అడ్డుపడిందేమో కూడా చూసుకోండి. రోజూ మూత కడిగాక ఆ గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూడాలి. సేఫ్టీ వాల్వు సంగతి వేరు. నీళ్లు ఇంకిపోయి కుక్కర్ మితిమీరి కాలితే అందులోని మెత్తటి లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. ఒకసారి కరిగిందా, కొత్తది వేయాల్సిందే. దాంట్లో పుల్ల దోపి వాడేవాళ్ల ఇంటికి నేను భోజనానికి వెళ్లను.

ఇక పలుకు పప్పు గురించి. "ఎన్ని విజిల్స్?" అని అడిగేవాళ్లకి నా సమాధానం ఎప్పుడూ ఒకటే, ఆ లెక్క మానేయండి. మామూలు గిన్నెలో నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గర. కుక్కర్‌లో పూర్తి ప్రెషర్ ఎక్కితే 120 దాకా పోతుంది, పప్పు తొందరగా ఉడికేది అందుకే. మంట పెద్దగా ఉంటే అయిదు నిమిషాల్లో ఆరు విజిల్స్ వస్తాయి, సన్నగా ఉంటే పది నిమిషాలైనా ఒకటి రాదు. మీ ఇంటి మూడు విజిల్స్, మీ అత్తగారింటి మూడు విజిల్స్ ఒకటి కావు. కందిపప్పు అరగంట నానబెట్టండి. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి, గడియారం చూసి ఎనిమిది పది నిమిషాలు ఉంచి కట్టేయండి. ప్రెషర్ దానంతటదే దిగేదాకా మూత జోలికి వెళ్లకండి. పప్పు వండేటప్పుడు నీళ్లతో కలిపి సగానికి మించనివ్వకండి. తరవాత పప్పుగుత్తితో నాలుగు తిప్పులు తిప్పితే చాలు, మిక్సీలో వేసి జిగురు చేయక్కర్లేదు.

అంచు మరీ సొట్టలు పడిపోయి ఎప్పటికైనా కొత్తది తప్పనిసరి అయితే, ఐఎస్‌ఐ గుర్తు పైన ఐఎస్ 2347 అని ఉందో లేదో చూడండి. 2021 ఫిబ్రవరి నుంచి ఆ గుర్తు లేని ఇంటి కుక్కర్లు అమ్మడమే తప్పు. అయినా తక్కువ ధరకు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి.

ప్రశ్న: చట్నీ రుబ్బుతుండగా మిక్సీ టక్కున ఆగిపోయింది. వాసన రాలేదు, పొగ రాలేదు. మెకానిక్కు మోటారు పోయిందంటున్నాడు.
- ఎస్. ఆర్., ఖమ్మం

జవాబు: జార్ తీసి పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, మిక్సీని తిరగేసి అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. మెకానిక్కుని మార్చండి.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్ కొంటే నూనె లేకుండా మిరపకాయ బజ్జీలు చేసుకోవచ్చా? ఇంట్లో ఆరుగురం.
- పి. ఎల్., హైదరాబాద్

జవాబు: చేసుకోలేరు. జారుగా ఉన్న శనగపిండి కాగే నూనెలో పడగానే గట్టిపడుతుంది కాబట్టి బజ్జీ అవుతుంది. వేడి గాలికి అంత చురుకు లేదు, పిండి జారి బుట్ట కంతల్లో గడ్డకడుతుంది. దాన్ని గోకి కడిగే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. పేరు కొత్తదే కానీ అది ఫ్యాను ఉన్న చిన్న ఒవెన్. వేరుశనగ గుళ్లు, బెండకాయ, మసాలా పట్టించిన చికెన్ ముక్కలు, నిన్నటి సమోసాలు దాంట్లో బాగా వస్తాయి. ఆరుగురికి నాలుగు లీటర్లది కొంటే మూడు వాయిలు వేయాలి, చివరివాళ్లకి వడ్డించేసరికి మొదటివాళ్లు లేచి చేయి కడుక్కుంటారు. ఇంట్లో ఓటీజీ ఉంటే అసలు కొనకండి. కొనితీరతాం అంటే, బుట్ట విడిగా అమ్ముతారా అని అడిగి మరీ కొనండి. ముందు పోయేది బుట్ట పూతే.

ప్రశ్న: నా ఆవకాయకి రెండేళ్లుగా బూజు పడుతోంది. అమ్మ కొలిచిన గ్లాసుతోనే కొలుస్తున్నాను. ముక్కలు తుడిచి ఆరబెడుతున్నాను, జాడీ ఎండబెడుతున్నాను.
- ఎం. డి., నూజివీడు

జవాబు: అమ్మ ఉప్పు దంచి కొలిచారా, కొలిచి దంచారా? రాళ్ల ఉప్పు గ్లాసులో పోస్తే మధ్యలో బోలెడు ఖాళీ. అదే గ్లాసుడు మెత్తటి ఉప్పు అంతకన్నా బాగా ఎక్కువ తూగుతుంది. రాళ్లు కొలిచి తరవాత దంచితే ఉప్పు తగ్గుతుంది, బూజు వస్తుంది. ప్యాకెట్ ఉప్పుతో తడవకొక బ్రాండు మారిస్తే మళ్లీ తేడా. వంటింట్లో పెట్టిన ప్రతి రూపాయికీ పని చేసే కొత్త వస్తువు ఒక్కటి చెప్పమంటే నేను చెప్పేది డిజిటల్ త్రాసు. నాలుగైదు వందల్లో అయిదు కిలోల దాకా తూచేది వస్తుంది. గిన్నె పెట్టి సున్నా బటన్ నొక్కితే గిన్నె బరువు పోతుంది.

అమ్మ దగ్గర ఒకసారి కూర్చుని, ఆవిడ చేత్తోనే గ్లాసులు నింపించి, ఆవపిండి, కారం, ఉప్పు విడివిడిగా తూచి బీరువా తలుపు లోపల రాసుకోండి. ఇక గ్లాసు పగిలినా బెంగ లేదు. ముక్కల పైన నూనె తేలేలా ఉందా అన్నదీ చూసుకోండి. ఆవకాయ సీజను అయిపోగానే త్రాసులో బ్యాటరీలు తీసేయండి. లోపలే వదిలేస్తే కారి త్రాసును తినేస్తాయి.

ప్రశ్న: ఉల్లిపాయలకి దారం లాగే చాపర్ బాగుంటుందా?
- టి. జె., కర్నూలు

జవాబు: దారం తెగేదాకా బాగుంటుంది. ఆ డబ్బుతో ఉన్న కత్తిపీటకి సాన పట్టించండి.

ప్రశ్న: ఉద్యోగానికని గది తీసుకున్నాను. గ్యాస్ లేదు. ఇండక్షన్ స్టవ్ ఒకటి కొని, ఇంటి నుంచి అమ్మ ఇచ్చిన అల్యూమినియం గిన్నెలు వాడుకుందామని.
- వి. ఎన్., గచ్చిబౌలి

జవాబు: ఆ గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు నాయనా. గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకోవాలి. అంటుకోని స్టీలు గిన్నెలూ ఉంటాయి, కొట్లోనే ఒక ఫ్రిజ్ బొమ్మ పెట్టి చూసుకో. ఇండక్షన్ అడుగున్న మూడు లీటర్ల కుక్కర్ ఒకటి తెచ్చుకుంటే అన్నం, పప్పు ఒకేసారి అవుతాయి. స్టవ్ 2000 వాట్లదైతే తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. గదిలో ఉండే చిన్న ఆరు ఆంపియర్ల ప్లగ్గుకి, అందులోనూ ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించకు. గీజరు ప్లగ్గు ఎక్కడుందో చూసి, వంట చోటు అప్పుడు ఎంచుకో. కుక్కర్‌తో పాటు రెండో గాస్కెట్టు కూడా ఇప్పుడే కొనుక్కో. నువ్వు ఆదివారం బజారుకెళ్లి వెతికే రకంలా లేవు.

ప్రశ్న: మా అమ్మాయి డల్లాస్‌లో కాపురం పెట్టింది. వచ్చే నెల వెళ్తున్నాం. ఇక్కడి మిక్సీ పట్టుకెళ్లచ్చా?
- ఆర్. కె., తెనాలి

జవాబు: ఇక్కడ వాడే మిక్సీ అయితే వద్దు. మన కరెంటు 230 వోల్టులు, వాళ్లది 120. అక్కడ పెడితే నీరసంగా మూలుగుతుందే తప్ప మినప్పప్పు రుబ్బదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కానీ మిక్సీకి సరిపడేది అయిదారు కిలోలు తూగుతుంది. విమానంలో ఆ బరువు మోసేకన్నా పచ్చళ్లు మోయడం మేలు. 110 వోల్టులవని అడిగితే మన కంపెనీల మిక్సీలే దొరుకుతాయి, అక్కడి ఇండియన్ స్టోర్లలోనూ ఉంటాయి. మీరు ఇక్కడ కొనివ్వాల్సింది అమ్మాయి దగ్గరున్న మోడల్‌కి సరిపోయే జార్ బుష్షులు, జార్ మూతల రబ్బర్లు, కుక్కర్ గాస్కెట్లు. మోడల్ నంబరు ఫోటో తీసి పంపమనండి. నంబరు లేకుండా తెచ్చినవేవీ పట్టవు.