బ్రేకు అరిగితే

గోదావరి డెల్టాలో కాలవ గట్ల మీద రోడ్లు ఎక్కువ. అక్కడ బ్రేకు పడకపోతే ప్రాణానికే ముప్పు.

డిస్కు బ్రేకు బండి చక్రానికి గుండ్రటి ఇనప పళ్లెం ఉంటుంది. అదే డిస్కు. బ్రేకు నొక్కితే రెండు ప్యాడ్లు దాన్ని అటూ ఇటూ అదిమి పడతాయి. బండి ఆగుతుంది.

వాడేకొద్దీ ప్యాడ్లు అరుగుతాయి. బురద, ఇసక చేరితే ఇంకా త్వరగా అరుగుతాయి. పూర్తిగా అరిగితే ప్యాడు వెనక ఉన్న ఇనప రేకు డిస్కును గీరుతుంది. కరకరమని చప్పుడు వస్తుంది. డిస్కు మీద గాట్లు పడతాయి.

ప్యాడు మందం 2 మిల్లీమీటర్లకు వస్తే మార్చాలి. చాలా డిస్కుల మీద ఉండాల్సిన కనీస మందం అంకెల్లో ఉంటుంది. అంతకన్నా పలచబడితే డిస్కునూ మార్చాలి.

ప్యాడ్ల ఖర్చు తక్కువ. డిస్కు ఖర్చు ఎక్కువ. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదు. చప్పుడు వినగానే మెకానిక్కుకు చూపించాలి.

మీ ఇంటి బండి బ్రేకు ఎప్పుడు చూపించారు?