ఏ ఘన్‌పూర్, బిడ్డా?

చి.ల.సౌ. మనవరాలికి,

జఫర్‌గఢ్ నుంచి తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం, మీ అమ్మమ్మ మోకాళ్ళు తప్ప.

నీ కొత్త కొలువు సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎక్కడో ఎవరో మ్యాపులో ఏదో వెతుకుతారట. మిషను నాలుగైదు చోట్లు చూపిస్తుందట. అవి అడిగినదానికి ఎంతవరకు సరిపోయాయో చూసి మార్కులు వేయడం నీ పని అట. ఇదేం ఉద్యోగమని మీ అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. తాతకు మాత్రం ఒక్క మాటలో అర్థమైంది. పోస్ట్‌మ్యాన్‌గా తాత ముప్పై ఏళ్ళు చేసింది ఈ పనే, కాకపోతే సైకిలు మీద.

కవరు మీద ‘యాకయ్య, జఫర్‌గఢ్’ అని మాత్రమే ఉంటుంది. మన దిక్కు యాకయ్యలకు కొదవా? అక్షరాలు చూస్తే పదిమందికీ ఆ ఉత్తరం చెల్లుతుంది. తాత ముందు ముద్ర చూసేవాడు. భివండి ముద్ర ఉంటే మగ్గాల పనికి పోయిన కొడుకు రాసినట్టు, కాబట్టి సాలెవాడ యాకయ్య. వరంగల్ కోర్టు నుంచి వస్తే భూమి తగాదాలో ఉన్న యాకయ్య. జూన్ నెలలో కాలేజీ నుంచి వస్తే కొడుకును చదివిస్తున్న యాకయ్య. పేరు ఒక్కటే; ఎక్కడి నుంచి, ఎప్పుడు, ఎందుకు అన్నవి కలిస్తేనే ఇల్లు దొరికేది. నీకు తెర మీద వచ్చే ప్రశ్న కూడా అలాంటి సగం విలాసమే.

మన పొరుగునే ఉన్న ఘన్‌పూర్ సంగతి చూడు. జఫర్‌గఢ్‌లో నిలబడి ఒకతను ‘ఘన్‌పూర్’ అని కొట్టాడు. ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా స్టేషన్ ఘన్‌పూర్ ఉంది, పెద్దగా ఆలోచించే పనిలేదు. అతనే ‘ఘన్‌పూర్ గుళ్ళు’ అన్నాడనుకో. ఇప్పుడు దగ్గరి ఊరు అక్కరకు రాదు. అతను పోవలసింది భూపాలపల్లి జిల్లా గణపురానికి, కాకతీయుల నాటి కోటగుళ్ళ దగ్గరికి. రామప్పకు పోయినవాళ్ళు ఆ చేత్తోనే అవీ చూసొస్తారు. ‘ఘన్‌పూర్ కోట’ అంటే ఇంకా దూరం, వనపర్తి జిల్లా ఖిల్లా ఘన్‌పూర్. ‘ఘన్‌పూర్ ఆనకట్ట’ అంటే మెదక్ జిల్లాలో మంజీరా మీద ఉన్నది. పక్కన ఒక్క మాట మారితే మనిషి నాలుగు జిల్లాలు తిరగాలి. తమాషా ఏమిటంటే, రైలు స్టేషన్ ఉందని ఊరిని స్టేషన్ ఘన్‌పూర్ అన్నారు గానీ, రైల్వేవాళ్ళ లెక్కలో ఆ స్టేషను పేరు వట్టి ఘన్‌పూరే.

పాలకుర్తి అంటే మనకు కవి పాల్కురికి సోమనాథుని ఊరు. పెద్దపల్లి జిల్లాలో ఉన్నతనికి అది వాళ్ళ మండలం పేరు. తొర్రూరు అంటే మహబూబాబాద్ జిల్లా తొర్రూరు. కానీ ‘తొర్రూర్ ప్లాట్లు’ అని వెతికే హైదరాబాద్ మనిషికి కావలసింది నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ వేలం వేసిన తుర్కయాంజాల్ పక్క తొర్రూరు. ఇలాంటి చోట రెండు జవాబులకూ మార్కులుంటాయి, కానీ సమానంగా ఉండవు. ఎవరు ఎక్కడ నిలబడి అడిగారన్నదే ఎక్కువ తక్కువలు తేలుస్తుంది.

నిలబడిన చోటు ఒక్కటీ చాలదు, మ్యాపు ఎక్కడికి జరిపి పెట్టుకున్నారో కూడా చూడాలి. ఉప్పల్‌లో ఉన్న మనిషి తెర మీద పాలకుర్తి చుట్టుపక్కలకు వచ్చి ‘హోటల్’ అని కొడితే, అతనికి ఉప్పల్ టిఫిన్ సెంటర్లు ఎందుకు? రేపు సోమేశ్వరస్వామి దర్శనానికి పోతూ భోజనం సంగతి ముందే చూసుకుంటున్నాడు. గూగుల్ తన సెర్చ్ రేటర్లకు, అంటే నీలా మార్కులు వేసేవాళ్ళకు, ఇచ్చే మార్గదర్శకాలను 2015 నవంబరులో పూర్తిగా బయటపెట్టింది. అందులో స్వయంగా ఒక చోటికి పోవాలని అడిగే ప్రశ్నలను ఒక జాతిగా విడదీసి చెప్పింది. స్థానిక ఫలితాల వరుసకు మూడు చూస్తామని కూడా ఆ సంస్థ పైకే చెబుతుంది: సంబంధం, దూరం, ప్రాముఖ్యం. మూడూ సరే, వాటిలో ఏది ఎప్పుడు పైచేయి అవుతుందన్న దగ్గరే మనిషి బుర్ర కావలసివస్తుంది.

‘సమ్మక్క జాతర’ అన్న ప్రశ్న తీసుకో. సమ్మక్క గద్దెలు మన చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఉన్నాయి, అగ్రంపహాడ్ జాతరకూ జనం బాగానే పోతారు. అయినా ఊరి పేరు లేకుండా అడిగినవాళ్ళకు ముందు చూపాల్సింది ములుగు జిల్లా మేడారమే. ఇక్కడ ప్రాముఖ్యం దూరాన్ని గెలిచింది. అదే ‘పంక్చర్ షాపు’ అంటే ప్రాముఖ్యంతో పనేముంది? బండి తోసుకుంటూ పోగలిగినంత దూరంలో ఉండాలి, అంతే.

దూరానికి ఊరును బట్టి విలువ మారుతుంది, ఇది హైదరాబాద్‌లో కూర్చున్న మీ పిల్లలకు తట్టదు. చాయ్ కోసం మూడు కిలోమీటర్లంటే అమీర్‌పేటలో ఉన్నవాడు నవ్వుతాడు. మన మండలంలో ఉన్నవాళ్ళకు స్కానింగ్ సెంటరు కోసం వరంగల్ పోవడం మామూలే. పల్లె ప్రశ్నకు పట్నం కొలబద్ద పెట్టి ‘చాలా దూరం’ అని మార్కులు కోస్తే, ఉన్న ఒక్క మంచి జవాబునూ తీసేసినదానివవుతావు.

ఇక పేర్లు. మన ఊరినే ఇంగ్లీషులో జెడ్‌తో రాసేవారున్నారు, జె పెట్టి రాసేవారున్నారు, చివర ‘గఢ్’ను ‘గడ్’ అన్నవారూ ‘ఘర్’ అన్నవారూ ఉన్నారు. తాత అన్నింటినీ బట్వాడా చేశాడు. జనగామను దిద్దుతున్నాననుకుని మిషను ఒక్క అక్షరం మార్చిందంటే మహారాష్ట్ర జల్‌గావ్‌లో తేలుతాం. ‘మానుకోట’ అంటే మహబూబాబాద్ అని తెలియని మిషను ఏదో పాత కోటను పట్టుకొచ్చి చూపిస్తే, ‘కోట అన్న మాట కలిసింది కదా’ అని జాలిపడకు. ‘ఇమ్లీబన్’ అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్. ‘ఎంజీఎం’ అంటే మన దిక్కు ఎవరికైనా వరంగల్ పెద్ద దవాఖానే. అదే మాట చెన్నైలో అడిగితే వేరే ఆసుపత్రి. రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కాకతీయ రుద్రేశ్వరాలయం అని రాసుకుని, రామప్పను బ్రాకెట్లో పెట్టారు. జనం రామప్ప అనే అంటారు. ఆ రెండూ ఒకటేనని తెలిసినవాళ్ళే మార్కు సరిగ్గా వేయగలరు.

పేరు మారిన బ్యాంకులైతే మరీ ఇరుకున పెడతాయి. ‘ఎస్‌బీహెచ్’ అని ఇప్పటికీ వెతుకుతారు. 2017 ఏప్రిల్ 1న అది స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మన ఊళ్ళ పాసుబుక్కుల మీద ఉన్న గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పేరు కొట్టిన ముసలమ్మకు కొత్త బోర్డు ఉన్న శాఖను చూపిస్తే అక్షరం కలవకపోయినా జవాబు సరైనదే, ఆమె పింఛను అక్కడే ఉంది. అయితే ఒకే వీధిలో రెండు శాఖలుండి ఒకదాన్ని ఎత్తేసి ఉండొచ్చు. తాళం వేసిన పాత శాఖను చూపిస్తే, పేరు అచ్చంగా కలిసినా సున్నాయే.

జిల్లాల సంగతి చెబితే నువ్వే నవ్వుతావు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై మనం జనగామలోకి వచ్చాం. ఆ ముక్కల్లో రెండింటికి వరంగల్ అర్బన్ అని, రూరల్ అని పేర్లు పెట్టారు. 2021 ఆగస్టులో అర్బన్‌ను హనుమకొండ అన్నారు, రూరల్‌ను వరంగల్ అన్నారు. వేయిస్తంభాల గుడి ఒక జిల్లాలో, వరంగల్ కోట ఇంకో జిల్లాలో. ‘వరంగల్ కలెక్టరేట్’ అని అడిగిన మనిషికి 2020 నాటి జవాబు ఇస్తే రోజంతా తిరిగి అర్జీ చేతిలోనే పట్టుకుని ఇంటికి వస్తాడు.

నవ్వుకుని వదిలేయొద్దు, ఇలాంటి తికమకే ఆస్ట్రేలియాలో ప్రాణాల మీదికి తెచ్చింది. 2012 సెప్టెంబరులో ఆపిల్ తన సొంత మ్యాపులు తెచ్చింది. తప్పులు ఎంతగా బయటపడ్డాయంటే పది రోజులు తిరక్కుండానే టిమ్ కుక్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఆ డిసెంబరులో విక్టోరియా పోలీసులు జనాన్ని హెచ్చరించారు. మిల్డ్యూరా పట్నానికి దారి అడిగిన వాళ్ళను ఆ మ్యాపు సుమారు 70 కిలోమీటర్ల అవతల ముర్రే-సన్‌సెట్ జాతీయ పార్కు నడిమధ్యకు తీసుకుపోయింది. నీళ్ళు దొరకని చోటు, ఎండ 46 డిగ్రీలకు పోగల కాలం. కొందరు 24 గంటల దాకా అక్కడే చిక్కుకున్నారు. కారణం ఏమిటి? ప్రభుత్వ ఊళ్ళ పట్టీలో రెండు మిల్డ్యూరాలున్నాయి: ఒకటి పట్నం, రెండోది మిల్డ్యూరా రూరల్ సిటీ అనే పెద్ద పాలనా ప్రాంతం. ఆ ప్రాంతానికి నడిబొడ్డు ఎడారి లాంటి పార్కులో పడింది. మన అర్బన్, రూరల్ కథే కాదూ?

పిన్ను ఎక్కడ గుచ్చారో చూడమని అందుకే చెప్పేది. చెరువు పేరు కొడితే పిన్ను నీళ్ళ నడుమ ఉంటుంది. చూడ్డానికి సరే, బండి ఎటు పోవాలి? కట్ట మీదికి. మన వేల్పుగొండ నరసింహస్వామి లాంటి గుట్ట మీది గుళ్ళకు పిన్ను శిఖరం మీద సరిగ్గానే ఉండొచ్చు, దారి మాత్రం గుట్ట వెనక పొలాల్లో ముగియొచ్చు. పేరుకూ, విలాసానికీ, పిన్నుకూ విడివిడిగా మార్కులు వేయమని మీవాళ్ళు అడిగితే ఒకదాని మంచితనాన్ని ఇంకోదానికి అంటించకు.

వేళ కూడా విలాసంలో భాగమే. రాత్రి పదకొండున్నర. పసిపిల్లకు జ్వరం, తండ్రి ఫోన్లో ‘మందుల షాపు’ అని కొట్టాడు. మొదటి ఫలితం రెండు వందల మీటర్లలో, తొమ్మిదింటికి మూసేసే షాపు. రెండోది ఆరు కిలోమీటర్లలో, ఆసుపత్రి గేటు పక్కన, రాత్రంతా తెరిచేది. దగ్గరిదానికే ఎక్కువ వేయాలని చెయ్యి లాగుతుంది. ఆ తండ్రి బండి స్టార్టు చేసి ఎటు పోతే మందు దొరుకుతుందో ఆలోచించి వెయ్యి.

ఈ మార్కుల విద్య కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ అనే చోట సిరిల్ క్లెవర్డన్ అనే లైబ్రేరియన్ 1960లలో 1,400 వ్యాసాలు, 225 ప్రశ్నలు ముందు పెట్టుకుని, ఏ ప్రశ్నకు ఏ వ్యాసం పనికొస్తుందో మనుషుల చేత చెప్పించాడు. వెతికే యంత్రాల పరీక్షకు అదే పునాది. మార్కులు వేసేవాళ్ళ మధ్య తేడాలు వస్తాయి కదా అంటావేమో. వస్తాయి. ఎలెన్ వూర్‌హీస్ అనే అమెరికా పరిశోధకురాలు 1998లో దాన్నే పరీక్షించింది. ఒకరి తీర్పు ఇంకొకరితో చాలాచోట్ల కలవకపోయినా, ఏ యంత్రం మెరుగు అన్న వరుస పెద్దగా మారలేదని తేల్చింది. కాబట్టి పక్కవాళ్ళు ఏం వేశారో తొంగిచూసి నీ మార్కు దిద్దుకోకు. నీకు తోచిన కారణం రెండు ముక్కల్లో రాయగలిగితే చాలు.

విలాసాల తికమక చూసి తపాలావాళ్ళు కూడా ఊరుకోలేదు. 1972 ఆగస్టు 15న ఆరంకెల పిన్ కోడ్ తెచ్చారు. 2025 మే నెలలో ఐఐటీ హైదరాబాద్, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ)లతో కలిసి డిజిపిన్ తెచ్చారు. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గడులుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాల గుర్తు ఇచ్చారు. మంచి పనే. కానీ జ్వరంతో ఉన్న పిల్ల తండ్రి పది అక్షరాలు కొట్టడు. ‘పాత బస్టాండు పక్కన మందుల షాపు’ అని కొడతాడు, అదీ రెండు తప్పులతో. అలాంటి ప్రశ్నలను సరిగ్గా చదవగలిగే మనుషులు ఇంకా కొన్నాళ్ళు కావాలి, నీ జీతానికి ఢోకా లేదు.

ఒక్కో ప్రశ్నకు ఇన్ని సెకన్లే అని గడియారం పెడతారని మీ అమ్మ అంది. తాతకూ బట్వాడా గంటలుండేవి. తొందరలో ఒకసారి కోర్టు కాగితం వేరే యాకయ్య చేతిలో పెట్టాడు. అతను చదువురాని మనిషి, వారం రోజులు చూరులో దోపి ఉంచాడు. అసలు యాకయ్యకు అది చేరేసరికి వాయిదా దాటిపోయింది. ఆ ఇంటి ముందు సైకిలు దిగడానికి తాతకు చాలాకాలం మొహం చెల్లలేదు. తెలియని ఊరు వస్తే ‘తెలియదు’ అనే మీట ఉంటే అదే నొక్కు, ఊహించి వేయకు. పని సంగతులు బయట చెప్పనని సంతకం పెట్టి ఉంటే తాతకు కూడా చెప్పకు. ఈ ఉత్తరంలో ఉన్నవన్నీ తాత సొంత ఊహలూ, లోకానికి తెలిసిన సంగతులే కాబట్టి నీకు మాట రాదు.

పండుగకు వచ్చేటప్పుడు సికింద్రాబాద్‌లో మన దగ్గర ఆగే బండి చూసి ఎక్కు. టికెట్ తీసేచోట స్టేషన్ ఘన్‌పూర్ అని వెతికితే దొరకకపోవచ్చు, వట్టి ఘన్‌పూర్ అని కొట్టు. మామయ్య బండి తీసుకుని స్టేషను బయట ఉంటాడు.

ఇట్లు,
మీ తాత
జఫర్‌గఢ్