"వద్దు" అనే ఒక్క స్వరం

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



జార్‌బ్రూకెన్‌లో వింటర్‌బెర్గ్ ఆసుపత్రి నుంచి ఎగిరే రెస్క్యూ హెలికాప్టరు పేరు క్రిస్టోఫ్ 16. ప్రయాణికులను కాపాడేవాడని పేరున్న సెయింట్ క్రిస్టఫర్‌ను బట్టి ఆ పేరు వచ్చింది. 1970లో మ్యూనిక్‌లో క్రిస్టోఫ్ 1 సేవ మొదలైంది. అది తలమీదుగా వెళ్తుంటే మీరు ఒక్క క్షణం ప్రార్థిస్తారు కదా? ఇకమీదట రోగితోపాటు పైలట్ కోసం కూడా ప్రార్థించండి.

ఎందుకంటే అతని మీద ఒత్తిడి ఎక్కువ. పొగమంచు కమ్మితే ఎగరకూడదని అతనికి తెలుసు. కానీ అవతల ఉన్నది చిన్నబిడ్డ అని వింటే, "ఎలాగైనా వెళ్దాం" అనిపిస్తుంది. అమెరికాలో 2002 జనవరి నుంచి 2005 జనవరి వరకు వైద్యసేవల హెలికాప్టర్లు, విమానాలకు 55 ప్రమాదాలు జరిగాయి. 54 మంది చనిపోయారు. అందుకే వాతావరణం చూసి నిర్ణయించేవరకు పైలట్‌కు రోగి వివరాలు చెప్పకపోవడం మంచి పద్ధతి అంటారు. అక్కడి సిబ్బందికి ఇంకో నియమం ఉంది: అందరూ సరే అంటేనే ప్రయాణం, ఒక్కరు వద్దన్నా ఆగాలి. ఆగితే రోగిని వదిలేసినట్టు కాదు. రోడ్డు మీద అంబులెన్సు వెళ్తుంది.

పౌలు ఎక్కిన ఓడలో ఈ నియమం లేదు. ప్రయాణం ప్రమాదమని అతడు ముందే హెచ్చరించాడు. శతాధిపతి మాత్రం నావికుణ్ణి, ఓడ యజమానుణ్ణి నమ్మాడు. ఎక్కువమంది వెళ్దామన్నారు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి తమ ఆలోచనే సరైనదనుకున్నారు. తర్వాత ఊరకులోను వచ్చింది.

మన సంగతి చూద్దాం. ఇంటి నుంచి అర్ధరాత్రి ఫోను వస్తుంది. ఆపద నిజమే. ఆ కంగారులో అప్పు పత్రం మీద సంతకం పెట్టేస్తాం. "రేపటిదాకా ఆగుదాం" అన్న భార్య మాట వినం. సంఘంలోనూ అంతే: "నాకు భయంగా ఉంది" అన్న సహోదరిని అవిశ్వాసి అనేస్తాం. జాగ్రత్త అవిశ్వాసం కాదు. లాజరు జబ్బు కబురు విన్నాక కూడా యేసు ఉన్నచోటే రెండు దినాలు ఆగాడు (యోహాను 11:6). అది ప్రేమ లేక కాదు.

పౌలును మరోసారి చూడండి. వద్దన్నవాడే తుపానులో వారికి ధైర్యం చెప్పాడు, భోజనం చేయమన్నాడు. ఓడ పోయింది గాని 276 మందీ ఒడ్డు చేరారు.

ఆలోచించుకుందాం:
1. ఈ మధ్య కంగారులో తీసుకున్న నిర్ణయం ఏది?
2. మన ఇంట్లో "వద్దు" అనే స్వేచ్ఛ ఎవరికి లేదు?
3. నా మాట వినక నష్టపోయినవారి పక్కన నేను నిలబడుతున్నానా?

ప్రార్థన: ప్రభువా, వెళ్లే ధైర్యంతోపాటు ఆగే ధైర్యం కూడా మాకు దయచేయుము. ఆమేన్.