ఎర్ర రోటాలా ఎందుకు కరిగిపోతోంది?

అక్వేరియం షాపులో ఎర్రగా నిగనిగలాడే మొక్కను చూసి మోజుపడి కొని తెస్తారు. పది రోజులు తిరక్కుండానే కింది ఆకులు పలచబడి, కాడ మెత్తబడి నీళ్లలో కరిగిపోతుంది. వెలుతురు చాల్లేదేమోనని ఇంకో లైటు తగిలిస్తారు. వారం తిరిగేసరికి మొక్క లేదు సరికదా, అద్దాల నిండా పచ్చ పాచి. ఈ తంటా ఎక్కువగా రోటాలా మాక్రాండ్రా అనే మొక్కతో వస్తుంది. ఇది పరాయి దేశపుదేమీ కాదు, దక్షిణ భారతదేశపు మొక్కే. గోరింట, దానిమ్మల కుటుంబంలోదే.

ఈ మొక్కకు ఎక్కువ వెలుతురు కావాలన్నది నిజమే. కానీ వెలుతురు పెంచితే మొక్కకు ఆకలీ పెరుగుతుంది. ఆ ఆకలికి తగ్గట్టు బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్ నీటిలో లేకపోతే మొక్క నీరసించిపోతుంది. మిగిలిన వెలుతురును, పోషకాలను పాచి వాడుకుంటుంది. జింకు లోపం ఉన్న వరికి యూరియా ఎంత గుమ్మరించినా ఏం లాభం? ఇదీ అంతే. గాలిలో కంటే నీటిలో వాయువులు సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతాయి. అందుకే పైనుంచి దిగేది ఈ మొక్కకు చాలదు, మనం అందించాల్సిందే.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో సుమారు 55 లీటర్ల నీరు పడుతుంది. దీనికి 2,200 ల్యూమెన్ల ఎల్‌ఇడి లైటు చాలు. ఎన్ని ల్యూమెన్లో డబ్బా మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. మొదటి మూడు వారాలు రోజుకు 6 గంటలే వెలిగించి, తర్వాత 8 గంటలకు పెంచుకోండి. కిటికీ ఎండ తగలనివ్వొద్దు. తొట్టి మరీ లోతైతే వెలుతురు అడుగుకు చేరేసరికి తగ్గిపోతుంది.

వాయువుకు సిలిండర్ కొనే స్తోమత లేకపోతే, 2 లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో 200 గ్రాముల పంచదార, పావు చెంచా ఈస్టు వేసి, ముప్పాతిక వంతు గోరువెచ్చని నీరు పోయండి. మూతకు సెలైన్ గొట్టం బిగించి, రెండో చివరను ఫిల్టరు నీరు పీల్చుకునే చోట పెట్టండి. గొట్టం ఎక్కడా మూసుకుపోకూడదు, మూసుకుపోతే సీసా పేలుతుంది. నురగ తొట్టిలోకి రాకుండా మధ్యలో ఇంకో చిన్న సీసా ఉంచుకుంటే మేలు. మిశ్రమం సుమారు రెండు వారాలు పనిచేస్తుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా అయిపోతుంది.

చేపల చెరువు రైతులకు చెప్పనక్కర్లేదు, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ప్రాణవాయువు తగ్గిందని అర్థం. ఇక్కడా అదే ప్రమాదం. రాత్రి మొక్కలు కూడా ప్రాణవాయువునే వాడుకుంటాయి, సీసా మాత్రం బుడగలు వదులుతూనే ఉంటుంది. లైటు ఆర్పగానే గాలి పంపు వేయడం మరిచారా, ఉదయానికి చేపలు చచ్చి తేలొచ్చు. ముందు చేపలు లేకుండానే మొక్కలు పెంచి, చేయి తిరిగాక చేపల్ని వదలడం మంచిది.

మన బోరు నీళ్లతో ఇంకో చిక్కు. సబ్బు నురగ రాని, గిన్నెలకు తెల్ల పెచ్చు కట్టే నీరు రోటాలాకు పడదు. వాన నీరు గాని, ఆర్‌ఓ నీరు గాని సగానికి సగం కలపండి. వాన నీరైతే మొదటి వానది వదిలేసి, డాబా శుభ్రపడ్డాక పట్టుకోవాలి. వేసవిలో నీరు 30 డిగ్రీలు దాటితే మొక్క డీలా పడుతుంది. తొట్టి మూత తీసి, నీటిపైకి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

ఎరువు సంగతి కొస్తే, యూరియా, డిఎపి జోలికి పోవద్దు. వాటి నుంచి వచ్చే అమ్మోనియా చేపలకు విషం. డ్రిప్పు రైతులకు తెలిసిన 13-0-45, అంటే పొటాషియం నైట్రేటు, ఈ తొట్టికి వారానికి 1 గ్రాము నీళ్లలో కరిగించి పోస్తే సరిపోతుంది. వేరుశనగలో లాగే లేత ఆకులు పసుపెక్కితే ఇనుప లోపం. అక్వేరియం మొక్కలకని అమ్మే చీలేటెడ్ ఇనుము చుక్కలు వాడండి. వారానికోసారి సగం నీరు మార్చండి.

ఒక మాట ముందే చెప్పాలి. నర్సరీల్లో చాలా మొక్కలను నీటి పైన పెంచుతారు. అలాంటివి నీట మునగగానే పాత ఆకులు రాలుస్తాయి. కంగారుపడి పీకేయకండి, చివర చూడండి. రెండు మూడు వారాల్లో కొత్త ఆకు వస్తే మొక్క బతికినట్టే. మధ్యాహ్నానికి ఆకుల మీద ముత్యాల్లా బుడగలు కనిపిస్తే వెలుతురు, వాయువు రెండూ కుదిరినట్టు.

మొక్క పైకి తగలగానే నాలుగంగుళాల కొసలు కత్తిరించి, అంగుళం ఎడంగా ఒక్కొక్కటీ గుచ్చండి. మిగిలిన ముక్కల్ని కాలవలో పారేయొద్దు. అందం కోసం తెచ్చిన గుర్రపుడెక్క కాలవల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. ఎండబెట్టి పెంటపోగులో వేయండి.