దయ కూడా మీ డ్యూటీయే

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు మీద ఎయిర్‌పోర్టు వైపు వెళ్లే బస్సుల్లో, పొద్దున పూట, దిద్దాల్సిన నోటుబుక్కులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న టీచర్లు కనిపిస్తారు. పహాడీ షరీఫ్, జల్‌పల్లి, బాలాపూర్, శంషాబాద్ చుట్టుపక్కల బళ్లలో పనిచేసేవాళ్లు. వాళ్లలో కేథలిక్ యాజమాన్యం నడిపే బడిలో కొత్తగా చేరినవారికి, చేరబోతున్నవారికి ఈ నాలుగు మాటలు.

డెమో క్లాసు బాగా చెప్పారు, ఉద్యోగం వచ్చింది. సిలబస్, యూనిట్ టెస్టులు, బస్ డ్యూటీ అన్నీ సర్క్యులర్‌లో ఉంటాయి. పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో నేర్పే పని మాత్రం ఏ టైం టేబుల్‌లోనూ ఉండదు. మోరల్ సైన్స్ పీరియడ్ ఉందిగా అని వదిలేస్తే అది జరగదు. హాజరు తీసుకునే తీరులో, బెంచీలు సర్దే పద్ధతిలో, తప్పు దిద్దే గొంతులో జరగాల్సిన పని అది. కాబట్టి అది ప్రతి సబ్జెక్ట్ టీచర్ పని. మీరు ఏ మతంవారైనా ఈ బాధ్యత తప్పదు.

ముందు క్లాసును తెలుసుకోండి

పహాడీ షరీఫ్ అంటే గుట్ట మీది బాబా షర్ఫుద్దీన్ దర్గా. ఆ మెట్లు ముస్లింలే కాదు, హిందువులూ మొక్కులతో ఎక్కుతారు. 2008 మార్చిలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలయ్యాక చుట్టూ బతుకుతెరువులు మారాయి. క్యాబ్ డ్రైవర్లు, లోడర్లు, హౌస్‌కీపింగ్ సిబ్బంది, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు ఇక్కడ స్థిరపడ్డారు. బాలాపూర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థి కుటుంబాలూ ఉన్నాయి. మలయాళీ కేథలిక్కుల సీరో మలబార్ సభకు శంషాబాద్ పేరుతో 2017లో ఒక మేత్రాసనమే (డయోసిస్) ఏర్పాటైంది. ఈ ప్రాంతంలో ఒక్క తరగతి గదిలో ఉర్దూ, తెలుగు, హిందీ, మలయాళం, బెంగాలీ మాట్లాడే ఇళ్ల పిల్లలు పక్కపక్కన కూర్చున్నా ఆశ్చర్యం లేదు.

మొదటి వారంలో చేయాల్సిన పని చిన్నదే. ప్రతి పేరునూ ఇంట్లో ఎలా పిలుస్తారో పిల్లల్నే అడిగి, హాజరు పట్టీ పక్కన రాసుకుని అలాగే పిలవండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, హోంవర్క్ చూసే పెద్దవాళ్లు ఉన్నారో లేరో తెలుసుకోండి. పేరును టీచరే వంకరగా పలికితే, ఇంటర్వెల్‌లో పిల్లలు దాన్నే వెక్కిరింపుగా వాడుకుంటారు.

నవ్వు వినిపించిన ఆ అయిదు సెకన్లు

నాలుగో తరగతి తెలుగు పీరియడ్ అనుకోండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పాప లేచి పాఠం చదువుతోంది. ‘పళ్లు’ అనాల్సిన చోట ‘పల్లు’ అంది. వెనక బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వాడు. వాడి వెనకే మరో నలుగురు నవ్వారు. పాప పుస్తకాన్ని మొహానికి దగ్గరగా జరుపుకుంది.

మీరు ‘సైలెన్స్!’ అని అరిస్తే నవ్వు ఆగుతుంది. కానీ పాప గొంతు కూడా ఆగిపోతుంది. అలా కాకుండా, ‘బాగా చదువుతున్నవ్ తల్లీ, ఆ మాట అందరం ఒకసారి అందాం’ అని క్లాసంతటితో పలికించండి. తర్వాత పాపతోనే ఆ పేరా పూర్తి చేయించండి. సగంలో కూర్చోబెట్టకండి. నవ్విన పిల్లాణ్ణి అందరి ముందు నిలబెట్టొద్దు. గంట కొట్టాక పక్కకు పిలిచి, ‘నువ్వు చదివేటప్పుడు ఎవరన్నా నవ్వితే నీకెట్లుంటది?’ అని అడగండి. జవాబు వాడే చెప్పాలి. మరునాడు పాపతో ఉర్దూలో పది అంకెలు క్లాసుకు నేర్పించండి. అప్పుడు తడబడేది మిగతావాళ్లు. తడబడటం అందరికీ ఉండేదేనని పిల్లలకు ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

చెప్పడం కంటే చేయించడం మేలు

కెనడాలోని వాంకూవర్‌లో తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లల మీద జరిగిన ఒక పరిశోధన 2012లో వెలువడింది. కొన్ని తరగతుల పిల్లల్ని వారానికి మూడు మంచి పనులు చేయమన్నారు. మిగతావాళ్లను వారానికి మూడు చోట్లకు వెళ్లి రమ్మన్నారు. నాలుగు వారాల తర్వాత రెండు రకాల పిల్లల్లోనూ సంతోషం పెరిగింది. కానీ తోటి పిల్లల ఆదరణ ఎక్కువగా పెరిగింది మంచి పనులు చేసినవాళ్లకే.

దీనికి పైసా ఖర్చు లేదు. సోమవారం డైరీలో ‘ఈ వారం మూడు’ అని రాయించండి. రాకపోయిన పిల్లాడికి నోట్సు ఇవ్వడం, ఆటలోకి ఎవరూ పిలవనివాళ్లను పిలవడం, ఆయమ్మ ఊడుస్తుంటే బెంచీ జరపడం లాంటివి చాలు. శుక్రవారం అయిదు నిమిషాలు మాట్లాడించండి. తాను చేసింది కాకుండా, తనకు ఎవరు ఏం చేశారో చెప్పమనండి. అప్పుడు గొప్పలు పోవడం ఉండదు, కృతజ్ఞత మిగులుతుంది.

పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టి పాఠం చెప్పించడం కూడా ఇలాంటిదే. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాల పిల్లల్ని ఒకే బళ్లలో కలిపాక గొడవలు మొదలయ్యాయి. అప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి తెచ్చారు. పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఎవరి ముక్క వాళ్లు నేర్చుకుని మిగతావాళ్లకు చెప్పాలి. పక్కవాడు చెప్పేది వినకపోతే పాఠం పూర్తి కాదు. సోషల్, సైన్స్ టీచర్లు నెలకు రెండు పాఠాలు ఇలా చేస్తే చాలు. గుంపులు మాత్రం మీరే వేయండి. పిల్లలకు వదిలితే ఒకే బస్తీవాళ్లంతా ఒకచోట చేరతారు.

చూస్తూ నిలబడేవాళ్లకు ఒక వాక్యం నేర్పండి

ఏడిపించేవాడు ఒకడుంటే, చుట్టూ చూసేవాళ్లు నలుగురుంటారు. కెనడాలో పరిశోధకులు బడి ఆవరణల్లో కెమెరాలు పెట్టి ఇలాంటి ఘటనలను గమనించి, ఆ వివరాలను 2001లో ప్రచురించారు. దాదాపు 88 శాతం ఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. కలగజేసుకున్నది 19 శాతంలోనే. అలా కలగజేసుకున్నప్పుడు మాత్రం సగానికి పైగా సందర్భాల్లో పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది.

కాబట్టి మీ శ్రమలో ఎక్కువ భాగం చూసేవాళ్ల మీద పెట్టండి. ధైర్యంగా ఉండమంటే పిల్లలకు ఏం చేయాలో తెలియదు. నోటికి వాక్యం అందివ్వాలి. ‘ఆపురా, బాగలేదు.’ ‘రా, మనం అటు పోదాం.’ ‘టీచర్‌కి చెప్దాం, నేను వస్త.’ ఈ మూడూ నాటకంలా వేయించండి. టీచర్‌కి చెప్పడం చాడీ కాదని కూడా స్పష్టంగా చెప్పండి. ఒకరిని ఇరికించడానికి చెబితే చాడీ. ఒకరిని కాపాడటానికి చెబితే సాయం.

స్టార్లతో జాగ్రత్త

మంచి పనికి స్టార్, హౌస్ పాయింట్, చాక్లెట్ ఇవ్వడం చాలా బళ్లలో ఉంది. 2008లో వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 20 నెలల పసిపిల్లల మీద చేసిన ప్రయోగంలో, సాయం చేసినందుకు బహుమతి అందుకున్నవాళ్లు ఆ తర్వాత తక్కువగా సాయం చేశారు. బహుమతికి బదులు జరిగింది చెప్పి మెచ్చుకోండి: ‘వాడు బాక్స్ తేలేదని గమనించినవ్, సగం పెట్టినవ్. వాడు కడుపు నిండా తిన్నడు.’ ఆ మాట చాలు.

మతం విషయంలో పక్కాగా ఉండండి

కేథలిక్ బడిలో చేరిన కొత్త టీచరుకు ఎక్కువ తికమక కలిగేది ఇక్కడే. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు బళ్లు స్థాపించి నడుపుకునే హక్కు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ విద్యార్థినీ తన సమ్మతి, మైనరైతే సంరక్షకుల సమ్మతి లేకుండా మత బోధనకూ ప్రార్థనకూ కూర్చోబెట్టకూడదని 28వ అధికరణ చెబుతోంది. భారత కేథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా 2024 ఏప్రిల్‌లో తమ బళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలని, వీలైతే అన్ని మతాలకూ ఉమ్మడి ప్రార్థన గది పెట్టాలని అందులో ఉంది. తల్లిదండ్రులెవరైనా అనుమానంతో వస్తే వాదించకండి. ఈ విషయాలు మర్యాదగా చెప్పి ప్రిన్సిపల్ దగ్గరికి తీసుకెళ్లండి.

అసెంబ్లీలో మాట్లాడే వంతు మీకొస్తే, బైబిల్‌లోని మంచి సమరయుడి కథ ఏ మతం పిల్లలకైనా అందుతుంది. దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి సొంతవాళ్లు చూసీ చూడనట్టు పోతే, పరాయివాడని అందరూ దూరం పెట్టిన మనిషి ఆదుకున్నాడు. పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మన బడిలో ఆ దారిలో పడి ఉన్నదెవరు? 2019 ఫిబ్రవరి 4న పోప్ ఫ్రాన్సిస్, అల్ అజహర్ పెద్ద ఇమాం అహ్మద్ అల్ తయ్యిబ్ అబుదాబిలో మానవ సౌభ్రాతృత్వ పత్రం మీద సంతకాలు చేశారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 4ను అంతర్జాతీయ మానవ సౌభ్రాతృత్వ దినంగా ఐక్యరాజ్యసమితి జరుపుతోంది. దర్గా గుట్ట చుట్టూ పెరిగే పిల్లలకు అసెంబ్లీలో అంతకంటే తగిన రోజు దొరకదు.

రంజాన్‌లో ఒక చిన్న జాగ్రత్త అవసరం. ‘ఎవరు రోజా ఉన్నారు, చేతులెత్తండి’ అని అడగొద్దు. ఉండనివాడికి అది సిగ్గు. ఉన్నవాళ్లకు లంచ్ టైంలో లైబ్రరీలో చోటు చూపించండి, ఎండలో ఆటల పీరియడ్ నుంచి మినహాయించండి. 2025లో రంజాన్ మార్చి 2న మొదలైతే, కేథలిక్కుల తపస్కాలం మార్చి 5న మొదలైంది. ఆకలికి ఓర్చుకునే రెండు సంప్రదాయాల గురించి పిల్లలు ఒకరినొకరు అడిగి తెలుసుకునే అవకాశాన్ని వదులుకోవద్దు.

దయతో సరిపోని చోట

కొట్టుకోవడం, డబ్బులు లాక్కోవడం, ఫోన్‌లో బొమ్మలు పంచడం వంటివి ‘సారీ చెప్పుకోండి’ అంటే తీరేవి కావు. తేదీ, సమయం, ఎవరేమన్నారో అదే రోజు రాసి, ప్రిన్సిపల్‌కు కాగితం మీద ఇచ్చి, ఒక నకలు మీ దగ్గర పెట్టుకోండి. లైంగిక వేధింపు అనుమానం వస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం చట్టబద్ధమైన బాధ్యత. బడి పరువు పేరుతో ఎవరు ఆపినా ఆగకూడదు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098. దాన్ని క్లాసు గోడ మీదే రాసి పెట్టండి.

మీ చేయి కూడా అదుపులో ఉండాలి. విద్యాహక్కు చట్టం మైనారిటీ బళ్లకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో తీర్పు చెప్పింది కాబట్టి కొట్టినా పర్వాలేదని స్టాఫ్ రూంలో ఎవరైనా అంటే నమ్మకండి. తమ సంరక్షణలోని పిల్లల్ని హింసించేవారికి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, బెత్తం పట్టిన చేత్తో దయ నేర్పలేం. మీరు డ్రైవరన్నను, ఆయమ్మను ఎలా పిలుస్తారో పిల్లలు రోజూ వింటున్నారు.

ఈ పని ఊరికే పోదు

హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోని కర్నూలు జిల్లా పోలూరులో పుట్టారు. పేదరికం వల్ల ఏడో తరగతి తర్వాత చదువు ఆగిపోతే, మిషనరీలు కడపకు తీసుకెళ్లి చదివించారు. 2022 ఆగస్టు 27న ఆయన కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ, దళితుల్లోనూ ఆ పదవి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. ఆగిపోబోయిన ఒక పిల్లాడి చదువును ఎవరో పట్టించుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది.

మీ పనికి లెక్క కూడా ఉంచుకోండి. గుంపులుగా చెప్పిన పాఠాలు, శుక్రవారం మాటలు, సర్దిన గొడవలు ఒక నోటుబుక్కులో రాయండి. ఏడాది చివర అప్రైజల్‌లో, రేపు మరో బడి ఇంటర్వ్యూలో, అది మీ అనుభవానికి సాక్ష్యం. పీటీఎంలో మార్కుల కంటే ముందు పిల్లవాడు చేసిన ఒక మంచి పని చెప్పండి. అప్పుడు తర్వాత చెప్పే లోపాన్ని కూడా తల్లిదండ్రులు వింటారు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఈ సోమవారం పేర్లు సరిగ్గా పిలవడం, డైరీలో ‘ఈ వారం మూడు’ రాయించడం, ఈ రెండే చేయండి. నెల తర్వాత మిగతావి చేర్చండి. మీ జీతం పాఠం చెప్పినందుకే కావచ్చు. కానీ పిల్లలెవరైనా భయపడకుండా లేచి చదవగలిగే క్లాసును తయారుచేయడమే ఈ ఉద్యోగంలో అసలు పని. దాన్ని రేపటికి వాయిదా వేయకండి.