నిద్రను మెదడులో నాటవచ్చా?

హాస్టల్ తమ్ముళ్లకు,

స్టడీ అవర్‌లో పుస్తకం మీదే నిద్రపోయి వార్డెన్ సార్‌తో తిట్లు తిన్నవాళ్లం మనం. నిద్ర కరువవుతుందని నాకు మా నాన్న పరంజా మీద నుంచి పడ్డాకే తెలిసింది. తల గాయం మానింది, నిద్ర మాత్రం రాలేదు. తెల్లవార్లూ మంచం మీద కూర్చునేవాడు, పగలు తూలేవాడు. ఒకచోట "మూలకణాలు ఎక్కిస్తే నయమవుతుంది" అన్నారు. ఉన్న అర ఎకరం అమ్మితే గాని రాని మొత్తం అడిగారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. అందరూ నా మొహం చూశారు.

నాది జంతుశాస్త్రం. లైబ్రరీలో కూర్చుని చదివింది రాస్తున్నాను.

నిద్రలో మెదడు ఊరికే ఉండదు. లోపల థలమస్ అనే భాగాన్ని చుట్టి పలుచని పొరగా కొన్ని నాడీకణాలుంటాయి. ఇవి గాబా అనే రసాయనంతో మిగతా కణాలను అదుపులో పెడతాయి. వీటి లయవల్లే నిద్రలో తీసిన ఈఈజీలో కదురు ఆకారపు తరంగాలు కనిపిస్తాయి. వాటి పేరు స్పిండిల్స్. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థ శాస్త్రజ్ఞులు చిట్టెలుకల్లో ఒక విషయం చూపారు. దెబ్బ మెదడు పైపొరకు తగిలినా, తర్వాత లోతున ఉన్న థలమస్‌లో సి1క్యూ అనే రోగనిరోధక ప్రోటీన్ పేరుకుంది, స్పిండిల్స్ తగ్గాయి. ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఆ నష్టం తప్పింది. గాయం ఒకచోట, చేటు మరోచోట!

మరి పోయిన కణాల చోట కొత్తవి నాటితే? 2019లో అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు, గాబా కణాలుగా ఎదగబోయే లేతకణాలను చిట్టెలుక పిండాల నుంచి తీసి, తలగాయమైన చిట్టెలుకల మెదడులో నాటారు. అవి బతికి పాత కణాలతో కలిశాయి. జ్ఞాపకశక్తి మెరుగుపడింది, మూర్ఛలు తగ్గాయి. (ఇవి అసలు మూలకణాలు కావు, వాటికంటే ఒక మెట్టు ఎదిగినవి.) నిద్ర లయను నడిపేదీ గాబా కణాలే కాబట్టి అక్కడా పనికొస్తాయన్నది ఆశ. కాని నారు నాటినంత తేలిక కాదు. కణం సరైన పొరుగుతో కలవాలి, అదుపు తప్పి పెరిగితే గడ్డ అవుతుంది.

మనుషుల సంగతికొస్తే, జపాన్ 2024లో ఎముకమజ్జ మూలకణాల మందు ఒకదానికి షరతులతో అనుమతి ఇచ్చింది. అది తలదెబ్బ వల్ల చచ్చుబడిన కాళ్లూచేతుల కోసం, నిద్ర కోసం కాదు. మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్తసంబంధ జబ్బులకు తప్ప మూలకణాలను చికిత్సగా ఇవ్వకూడదు, అనుమతి పొందిన ప్రయోగాల్లోనే వాడాలి.

ఇదంతా చెబితే అమ్మ "సరే గాని, మరి నిద్రో?" అంది. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు గారు నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూశారు. పగటి కునుకు మాన్పించి, రోజూ ఒకే వేళకు లేపమన్నారు. ఇప్పుడు నాన్న రాత్రిపూట నాలుగు గంటలు పడుకుంటున్నాడు. ఆ అర ఎకరంలో ఈసారి కంది వేశాం.